ఒడ్డు దాటిన మంట

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో యాసంగిలో, అంటే రబీ పంట కాలంలో, నేను జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలో వ్యవసాయాధికారిగా ఉన్నాను. అది నా ఉద్యోగంలో చివరి ఏడాది. కోరుట్లలో అద్దెకుంటూ రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మండలానికి ఒక వ్యవసాయాధికారి ఉంటారు. ఆ అధికారి కింద కొన్ని ఊళ్లకు ఒకరు చొప్పున విస్తరణాధికారులు ఉంటారు. పంటల నమోదు, ఎరువుల దుకాణాల తనిఖీ, రైతు వేదికల్లో సమావేశాలు మా పని. రైతు వేదిక అంటే రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి కట్టించిన హాలు.

మొన్న ఫోన్లో సాహితి అడిగింది, బళ్లో చర్చ పెట్టారట. భూమి వేడెక్కుతున్నది మనుషుల వల్లేనా, కాదా అని. తనకు ‘కాదు’ అనే పక్షం వచ్చిందట. ‘ఏం చెప్పాలి నానమ్మా’ అంది. పక్కనుంచి ఆదిత్య, అది ఓడిపోయే పక్షం అని నవ్వాడు. నేను మాట మార్చాను. అదే చర్చను నేనొకసారి దగ్గర కూర్చుని విన్నాను పిల్లలూ.  అది ముగిసిన తీరు ఫోన్లో చెప్పలేక మీ ఇద్దరికీ రాస్తున్నాను.

యాసంగి వరిని అక్కడ హార్వెస్టర్‌తో కోయిస్తారు. యంత్రం వెన్నుల వరకు కోసుకుని పోతుంది. పొలంలో మోకాలెత్తు కొయ్యలు మిగులుతాయి. వాటి మీద యంత్రం వదిలిన గడ్డి వరసలుగా పడి ఉంటుంది. అదంతా నేలలో కలిసిపోయేలా దున్నాలంటే ట్రాక్టర్ ఎక్కువ సాళ్లు తిరగాలి. అగ్గిపుల్ల వేస్తే క్షణాల్లో పని అయిపోతుంది. కొయ్యలు కాల్చవద్దని రైతులకు చెప్పమని ప్రతి ఏటా పైనుంచి మాకు ఆదేశం వస్తుంది. మేమూ ప్రతి ఏటా చెబుతాం. ఆ ఏడు పంపిన పోస్టర్‌లో భూగోళం నోట్లో జ్వరం చూసే థర్మామీటర్ ఉంది.

ఒక ఊరి రైతు వేదికలో సమావేశం పెడితే దాని మీదే మాట మొదలైంది. ఊళ్లో పెద్ద రైతు రాజిరెడ్డి దాదాపు నా ఈడువాడే. లేచి నిలబడి, పోస్టర్‌ను చూపుడు వేలితో తట్టాడు.

“ఎండలు మా తాత ముత్తాతల కాడికెల్లి ఉన్నయి మేడం. ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. సూర్యుడెంత, మనిషెంత? నేను నాలుగు కొయ్యలు కాలవెడితే ఆకాశం కాగుతదా?”

పక్కన మల్లేశం అందుకున్నాడు. మస్కట్‌లో చాలా ఏళ్లు డ్రైవర్‌గా చేసి వచ్చి వ్యవసాయం పెట్టుకున్నవాడు. “మనుషులతోనే అయితుంది కాక, అది నిజమే. గని ఏ మనుషులతోని? ఆడ ఇంటికి నాలుగు కార్లు, రాత్రి పగలు ఏసీలు. గా నూనె తవ్వి కాలవెట్టెటోళ్లను ఎవడు అడుగడు. మన కొయ్యలను అడుగ వచ్చిన్రు.”

కొమురయ్య అనే ఇంకో రైతు, ఇదంతా దేవుడి లీల అన్నాడు. హాలు రెండు మూడుగా చీలింది. నాకు తెలిసినంతవరకు చెప్పాను. శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు, సూర్యుడి వల్ల ఇంత వేడి రాలేదు, మనుషులు బొగ్గు, చమురు కాల్చడం వల్లే వచ్చింది అన్నాను. ప్రపంచం మొత్తం పొగలో మీ కొయ్యల వాటా చిన్నదే, కానీ లేకుండా పోదు అని కూడా చెప్పాను. చిన్నదే అన్న మాట ఒక్కటే వాళ్లకు వినబడింది.

అప్పుడు వెనక గోడకు ఆనుకుని ఉన్న శంకర్ గౌడ్ నోరు తెరిచాడు. తాటిచెట్లు గీసి, లొట్టి అనే కుండలో కల్లు పట్టి అమ్ముకునే మనిషి. పొలం గట్టును అక్కడ ఒడ్డు అంటారు. వీళ్ల పొలాల చివరి ఒడ్డు మీది తాళ్లే, అంటే ఆ తాటిచెట్లే, అతని బతుకు.

“ఈ దినాల్ల లొట్టి పొంగుతుండె పటేలా. ఇప్పుడు అడుగు తడుస్తలేదు. ఎవలతోని అయితుందో నాకు తెల్వది. అయితే అయితుంది.”

“నీళ్లు కలుపుడు బంద్ చేసినవేమో, అందుకే తక్కువైంది” అన్నాడు రాజిరెడ్డి. అందరూ నవ్వారు.

“కలిపితే ముందుగాల నువ్వే పట్టుకుంటవు గద. తెల్లారకముందే లొట్టి కాడ నిలవడేది నువ్వే.” శంకర్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “నా చెట్లు మీ లెక్క కూసోని ముచ్చట పెట్టయి. పగటాల గీసేది ఉన్నది, పోతున్న” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. హాల్లో ఉన్న అందరం విన్నాం.

వాదన మళ్లీ రాజుకుంది. రాజిరెడ్డికి పట్టుదల వచ్చింది. “ఎందుకు గింత లొల్లి? ఇయ్యాల నా పొలం అంటువెడ్త. మేడం నువ్వే నిలవడి జూడు, ఆకాశం ఏమైతదో” అన్నాడు. వడగాలి కొడుతోంది, ఇప్పుడు వద్దన్నాను. గాలి ఉంటేనే బాగా కాలుతుందని నవ్వుతూ బయటకు నడిచాడు. మా విస్తరణాధికారి స్కూటీ మీద నేను వెనకాల వెళ్లాను. మేం చేరేసరికి గడ్డి వరస అంటుకుని ఉంది.

అక్కడ ఒక అలవాటు ఉంది. ఒకరు అంటిస్తే పక్కవాళ్లు కూడా తమ పొలం అంటించేస్తారు. ఎలాగూ నిప్పురవ్వ ఎగిరి వస్తుంది. తర్వాత నీ మంట నా పొలంలోకి వచ్చిందనే తగాదా వస్తుంది. అందరూ ఒకేసారి అంటిస్తే ఎవరూ ఎవరినీ అనడానికి ఉండదు. రాజిరెడ్డి పొలంలో పొగ లేవగానే మల్లేశం తన పొలంలో గడ్డి వెలిగించాడు. అటు పక్క కొమురయ్య కూడా వెలిగించాడు. ఒక్కో పొలంలో ఒక్కో గీతలా మొదలైన మంట చూస్తుండగానే ఒకటే గోడ అయింది. గాలి దాన్ని చివరి ఒడ్డు మీది తాళ్ల వైపు తోసింది.

నేను సిరిసిల్లలో పద్మశాలి ఇంట్లో పుట్టాను. మాకు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. వాటి షెడ్డులో నూలు దుమ్ము గాలిలో తేలుతూ ఉంటుంది. మా నాన్న బీడీ తాగే మనిషిని గుమ్మం కూడా తొక్కనిచ్చేవాడు కాదు. నిప్పంటే భయం నాకు అక్కడి నుంచే వచ్చింది. ఆ రోజు మంట చప్పుడు అచ్చం సాంచాల షెడ్డు లాగే వినిపించింది. వంద సాంచాలు ఒక్కసారి నడిచినట్టు టకటకమని. 

“గది శంకరన్న బండి గాదె?” అన్నాడు మల్లేశం.

ఒడ్డు మొదట్లో తుప్ప నీడన మోపెడ్ నిలబెట్టి ఉంది. దాని హ్యాండిల్‌కు ఖాళీ లొట్టి వేలాడుతోంది.  అందరం ఒకేసారి పైకి చూశాం. తాటి తలలు పొగలో కనిపించలేదు.

తాటిచెట్టు ఎక్కే మనిషి మోకు అనే తాడుతో తనను చెట్టుకు కట్టుకుని, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి గీస్తాడు. దూకడానికి వీలుండదు. దిగాలంటే మోకును కొంచెం కొంచెం జార్చుకుంటూ రావాలి. కింద మొదట్లో మంట ఉంటే దిగడమంటే మంటలోకి దిగడమే. మోకు కాలితే పడిపోతాడు. పైనే ఉంటే పొగకు ఊపిరి ఆడదు.

కొమురయ్య దిగు దిగు అని అరిచాడు. రాజిరెడ్డి అతన్ని నెట్టేసి ఒడ్డు వైపు పరుగెత్తాడు. “దిగకురా శంకరా, దిగకు, చెట్టును పట్టుకో” అని గొంతు చీరుకుపోయేలా అరిచాడు. పొగలోంచి దగ్గు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. పక్క చెట్టుకు వేలాడుతున్న ఎండు మట్టలు భగ్గున అంటుకున్నాయి. అతను ఏ చెట్టు మీద ఉన్నాడో మాకు తెలియదు. అది ఆ చెట్టేనేమో అనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

మల్లేశం బోరు దగ్గరికి పరుగెత్తి స్టార్టర్ వేశాడు. పొలాలకు నీళ్లు పెట్టే చుట్ట పైపును ఇద్దరు లాక్కొచ్చారు. నీళ్లు ఒడ్డును చేరేసరికి గడ్డి కాలిపోయి మంట ముందుకు పోయింది. పొగ పలచబడ్డాక చెట్టును కరుచుకుని ఉన్న మనిషి కనిపించాడు. మంట వస్తున్న వైపు కాకుండా అవతలి వైపుకు తిరిగి ఉన్నాడు. చెట్టు మీది లొట్టిలో ఉన్న కాస్త కల్లు మోకు మీద, తువ్వాల మీద కుమ్మరించుకుని ఆ తువ్వాలను ముఖానికి కట్టుకున్నాడు. గీసే చెట్లకు ఎండు మట్టలు ఎప్పటికప్పుడు కొట్టేస్తారు, అందుకే ఆ చెట్టు అంటుకోలేదు. దిగు అంటే దిగలేదు. చేతులు పట్టు విడవడం లేదని తర్వాత చెప్పాడు. రాజిరెడ్డి చెట్టు కింద నిలబడి, చిన్నపిల్లవాడితో మాట్లాడినట్టు మాట్లాడుతూ దింపాడు. వేడెక్కిన మొదలుకు, నిప్పులకు శంకర్ రెండు పాదాలు బొబ్బలెక్కాయి. కోరుట్ల ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. ఆ వేసవి మళ్లీ చెట్టెక్కలేదు. ఒడ్డు మీది తాళ్లలో కొన్ని మొవ్వు మాడిపోయి ఎండిపోయాయి.

ఇలాంటప్పుడు మేం స్థలం చూసి, నష్టం ఎంతో, కారణం ఏమిటో పై అధికారికి నివేదిక పంపాలి. మళ్లీ అదే రైతు వేదికలో కూర్చున్నాం. ఏ పొలం మంట తాళ్లను చేరింది అని అడిగాను. తన మంట ఒడ్డు కాడనే ఆరిందన్నాడు మల్లేశం. కొమురయ్య కూడా అదే మాట చెప్పాడు. పొలాలకు వెళ్లి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకటే నలుపు. ఎవరి బూడిద ఎంతవరకో చెప్పే పద్ధతి నా చదువులో గానీ, నా సర్వీసులో గానీ లేదు.

కట్లు కట్టిన కాళ్లు బెంచీ మీద చాపుకుని శంకర్ అంతా విన్నాడు. “మనుషులతోని అయితదా కాదా అని మొన్న గింతసేపు కొట్లాడిన్రు. చెట్టు మీద నాకైతే గా అనుమానం రాలే” అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాజిరెడ్డి నా వైపు తిరిగి అన్నాడు, “రాసుకో మేడం. నాది ఎంత దూరం పోయిందో నాకు ఎర్కలే. అంటువెట్టింది మాత్రం నేనే.”

తర్వాత మల్లేశం కూడా ఆ మాట అన్నాడు. కొమురయ్య అనలేదు. తన మంట ఒడ్డు దగ్గరే ఆరిందని ఇప్పటికీ చెబుతాడట.

ఆ ఊళ్లో కాల్చడం ఆగిపోయిందని మీకు అబద్ధం చెప్పను. మరుసటి యాసంగిలో, నేను దిగిపోయాక విన్నంతవరకు, రాజిరెడ్డి, మల్లేశం కొయ్యలను దున్నించారు. మిగతా చాలామంది కాల్చారు. కాకపోతే కాల్చేముందు ఒడ్డు మీద ఎవరున్నారో కేకవేసి చూసుకున్నారు. పదవీ విరమణ రోజు బాధ్యతలు అప్పగిస్తూ కొత్త అధికారికి ఒక్క సంగతి చెప్పాను. కొయ్యలు కాల్చిన కేసులో ఎవరి మంట ఎంత దూరం పోయిందని అడగవద్దు, దానికి జవాబు దొరకదు, ఆ జవాబు కోసం చూస్తే ఏళ్లు గడుస్తాయి. ఎవరెవరు అంటించారని అడగాలి, దానికి జవాబుంటుంది.

సాహితీ, నీకిచ్చిన పక్షానికి వాదనలు నేను ఇవ్వలేను, నా దగ్గర లేవు. రాజిరెడ్డివి, కొమురయ్యవి పైన రాశాను, కావాలంటే వాడుకో. ఆ రోజు మాలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. చెట్ల దగ్గరికి పోతున్నానని ఆ మనిషి చెప్పి వెళ్లాడు, మేమంతా విన్నాం, అయినా అంటించాం. అప్పటి నుంచి ఎక్కడ పొగ లేచినా నేను నేల వైపు చూడను. చెట్ల పైకి చూస్తాను. ఈమధ్య అలా చూసినప్పుడల్లా, మేం అంటించిన మంటకు పైన, అక్కడ మీరిద్దరే కనిపిస్తున్నారు.