మా జేజి పళ్ళు బ్యాంకాక్ పోయొచ్చిన కథ

మా జేజి కన్యకమ్మ నవ్వు వినబడేదే గాని కనబడేది కాదు. ఎవరు ఎంత పెద్ద హాస్యమాడినా ముందు కొంగు నోటి మీదికి పోయేది, ఆ తర్వాతే భుజాలు ఊగేవి. కోయిలకుంట్లలో మా రంగుల అంగడికి వచ్చేవాళ్లు అది ఆమె మర్యాద అనుకునేవారు. మర్యాదా లేదు, గిర్యాదా లేదు. ఆమె పుట్టిన ఊరి బావి నీళ్లలో ఫ్లోరైడు ఉండేది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పళ్ళ మీద గోధుమరంగు చారలు పడ్డాయి. జేజి ముందు పళ్ళు కడగని టీ కప్పు అంచులాగా ఉండేవి. పెళ్లి ఫొటోలో పెదాలు బిగించుకుని, ఎవరి మీదో కోపం వచ్చినట్టు కూర్చుని ఉంటుంది. "ఎవరి మీదో ఏంది, నా మీదే" అంటాడు మా తాత కేశవులు.

చారల సంగతి అట్లుంచితే, ఆ పళ్ళు గట్టివి. జేజి గల్లాపెట్టె పక్కన ఒక డబ్బాలో వేయించిన చింతగింజలు ఉండేవి. మేము నానబెట్టుకుని తినేవాటిని ఆమె అట్లే కొరికేది. నేను ఇంటర్ రెండోసారి తప్పి అంగడిలో కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో ఆ కటుకు కటుకు శబ్దానికి ఎలుక దూరిందేమోనని చీపురు తీసుకుని వెతికాను. దొరికింది. చీరె కట్టుకుని ఉంది.

మా అంగడి తాత నాన్న కాలంలో సున్నం, నీలం అమ్మే కొట్టు. రంగుల డబ్బాలు తెప్పించింది జేజే. ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కొత్త ఇంటికి రంగు కావాలంటే కార్డులో చూపించి డబ్బా చేతిలో పెట్టదు. మా పెయింటర్ పెద్ద ఈరన్నను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోతుంది. గోడ మీద చెయ్యంత మచ్చు వేయిస్తుంది. "పొద్దున ఎండలో చూడుమ్మా, సాయంత్రం లైటు ఏసి చూడు. అప్పుడు చెప్పు" అని వచ్చేస్తుంది. కార్డులో బాగున్న రంగు గోడ మీద బాగుండదని ఆమె నమ్మకం. ఇట్ల ఇల్లిల్లూ తిరిగి ఇల్లాళ్ల చేతనే రంగులు ఎంపిక చేయించి, 2006లో రంగుల కంపెనీ పెట్టిన టార్గెట్టు దాటేసింది. టార్గెట్టు దాటిన డీలర్లకు బ్యాంకాక్ ప్రయాణం. మొత్తం గుంపులో ఆడ డీలరు మా జేజి ఒక్కతే. ఇద్దరికి టికెట్లు. తాతేమో "నాకు మిద్దె ఎక్కితేనే తల తిరుగుతాది" అని తప్పుకున్నాడు. ఆ రకంగా నా అదృష్టం పండింది.

పాస్‌పోర్టు ఫొటోకు నోరు మూసుకునే కూర్చోవాలన్నారు. జేజికి నచ్చిన ప్రభుత్వ నిబంధన జన్మలో అదొక్కటే.

గొడవ ఆ తర్వాత మొదలైంది. బ్యాంకాక్‌లో పెద్ద హాలు, వేదిక, దాని మీద బహుమతి, ఆ ఫొటో కంపెనీ క్యాలెండరులో వేస్తారని కబురు వచ్చింది. ఆ రోజు నుంచి జేజి అద్దం ముందు పెదాలు కదిలించి చూసుకోవడం నేను రెండు మూడుసార్లు పట్టుకున్నాను.

అదే వారం కల్లూరులో రంగుల అంగడి పెట్టుకున్న జ్ఞానేశ్వర్ మా అంగడికి వచ్చాడు. మాకు దూరపు చుట్టం. పోయిన ఏడు బ్యాంకాక్ పోయొచ్చినవాడు, ఈ ఏడూ మాతో వస్తున్నవాడు.

"అత్తా, ఒగసారి నా పక్క చూడు" అని పళ్ళు ఇకిలించాడు. అంగడిలో ట్యూబులైటు వెలవెలబోయింది.

"ఏమప్పా జ్ఞానేశూ, ఇవి నీవేనా?"

"నావే. పైన పలకలు అతికిచ్చినారు. గోరంత మందం గూడ ఉండవు. వెనీర్లంటారు. మనం దిగే హోటల్ పక్కనే క్లినిక్కు. తిరిగొచ్చేలోపల అయిపోతాది. నువ్వు గూడ ఏపిచ్చుకో అత్తా, స్టేజీ మీద వెలిగిపోతావు."

జేజి కళ్లజోడు సర్దుకుని అతని నోట్లోకి, కొత్త గోడను చూసినట్టు, పక్క నుంచి కూడా చూసింది.

"అతికిచ్చేకి ముందు పన్ను గీకుతారా?"

"రవ్వంత గీకుతారు. ల్యాకుంటే అంటుకోవద్దా?"

"గీకినాక, వద్దు సామీ, నా పాతవి నాకు ఇయ్యండి అంటే?"

"అట్ల ఎవరన్నా అంటారా అత్తా!"

"అంటే?"

జ్ఞానేశ్వర్ మెడ గోక్కున్నాడు. "గీకింది గీకిందే. ఇంగ బతికినన్నాళ్లూ పైన పలక ఉండాల్సిందే. పది పదైదేండ్లకు మార్పిచ్చుకోవాల."

"నడమ ఒగటి ఊడిందనుకో. ఊడినప్పుడల్లా విమానం ఎక్కల్నా?"

"ఊడవులే అత్తా. జాగర్తగా ఉంటే చాలు."

జేజి చింతగింజల డబ్బా అతని ముందుకు జరిపింది. జ్ఞానేశ్వర్ దాన్ని చూసి వెనక్కి జరిగాడు. "అయ్యన్నీ మానేసినా. చెరుకు మానేసినా. జొన్నకంకి గూడ గింజలు ఒలుచుకుని తింటాండా" అన్నాడు. పాపం, అంత తెల్లటి పళ్ళతో అంత నల్లటి మొహం నేను ఎప్పుడూ చూడలేదు. అయినా వెంటనే తేరుకున్నాడు. "నిజం చెప్తాండా అత్తా. చెరుకు పోతే పోయింది. నలుగురిలో నోరు తెరవడానికి నాకు ధైర్యమొచ్చింది. అది చాలు నాకు."

ఆ మాట జేజిలో దిగబడింది.

ఆ రాత్రి అన్నాలకాడ పంచాయతీ. మా తాతకు ఒక్క సొంత పన్ను లేదు, ఉన్నది కట్టుడు పళ్ళ సెట్టు. అయినా అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఆయనే.

"నీ పండ్లు నీ మాట వింటాయి. నావి గ్లాసులో పండుకోని నన్నే చూస్తాంటాయి. ఉన్నవాటిని గీకిచ్చుకుంటావా? ఇన్నేండ్లు ఆ పండ్లను చూస్తానే కాపురం చేయలా నేను?"

"యాడ చూసినావు?" అంది జేజి. "చూపిస్తే గదా."

తాత ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. ఆయన సెట్టుకు అంత పని పెట్టే కూర కాదు అది.

కర్నూలులో ఒక పళ్ళ డాక్టరమ్మకు కూడా చూపించాము. ఆమె మంచిది. వద్దని భయపెట్టలేదు, చేయించుకొమ్మని తోయలేదు. పళ్ళు గట్టిగా ఉన్నాయని, మరక పైపొరలోనే ఉందని చెప్పింది. కొంత మరకను పలకలు లేకుండానే తగ్గించవచ్చు గాని పూర్తిగా పోదంది. "చక్కగా చేస్తే వెనీర్లు చూడ్డానికి చాలా బాగుంటాయమ్మా. కాని గట్టివి కొరికే అలవాటు మీరు మానాలి. తర్వాత ఏదైనా అయితే చేసినవాళ్లు దూరంలో ఉంటారు, నేను ఇక్కడ నాకు తెలిసినంత చేస్తాను. ఆలోచించుకోండి" అంది.

బస్సులో జేజి కిటికీ పక్కకు తిరిగి కూర్చుంది. నల్లరేగడి పొలాల మధ్య ఎక్కడో నన్ను గిల్లింది.

"ఏమ్మే నాగశ్రీ. నేను నవ్వితే ఎట్లుంటానో నాకే తెలీదు మ్మే. ఒగసారి చూసుకోవాలని ఉండాది."

 

బ్యాంకాక్ గురించి నేను ఎక్కువ చెప్పలేను. చూసిందంతా ఆ క్లినిక్కే. దిగిన మరుసటి పొద్దునే పోయాము. చల్లగా, తెల్లగా ఉంది, చెప్పులు కూడా బయటే విడిపించారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కళ్లతో నవ్వేది. ఆమె ఒక పట్టీ తీసింది. దానికి వరుసగా పళ్ళు గుచ్చి ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో తెలుపు. అది చూసి జేజి మొహం ఉతికిన గుడ్డలా తేటపడింది.

"షేడు కార్డే మ్మే ఇది!"

అని తన సంచిలోంచి మా కంపెనీ రంగుల కార్డు తీసి పక్కన పరిచింది. డాక్టరమ్మ ముచ్చటపడి లోపల ఉన్న నర్సులను కూడా పిలిచింది. నలుగురు చేరి ఆ పళ్ళకు మా గోడల రంగులు జత చూస్తుంటే నేను కూర్చుని చాక్లెట్టు తిన్నాను. అక్కడ పెట్టింది తినడానికే కదా.

తర్వాత అసలు మాట వచ్చింది. జేజి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "గీకొద్దని చెప్పు. ముందు మచ్చు ఏసి చూపీమను. పొద్దున చూస్తా, సాయంత్రం చూస్తా, అప్పుడు చెప్తా."

రెండుసార్లు తప్పిన ఇంగ్లీషుతో నేను "నో కటింగ్, ఫస్ట్ సాంపుల్, టుమారో టెల్లింగ్" అన్నాను. డాక్టరమ్మకు బాగానే అర్థమైంది. తామూ అట్లే చేస్తామంది, పన్ను గీకకుండా పైన మెత్తటి ముద్ద అచ్చు పోసి తాత్కాలికంగా అతికిస్తారట. గట్టివేవీ కొరకొద్దంది. నేను ఆ మాట జేజికి రెండుసార్లు చెప్పాను, దేవుడు సాక్షి.

పని అయ్యాక చేతికి అద్దం ఇచ్చారు. జేజి పెదాలు విడదీసింది. అద్దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"యా ఊరామె మ్మే ఈమె?" అంది చివరికి.

సాయంత్రం పెద్ద హాలు, రంగు రంగుల దీపాలు. కంపెనీలో తెలుగాయన ఒకరు మైకు పట్టుకుని, "అమ్మా, ఇంత రంగు ఎట్లా అమ్మారు? రహస్యం చెప్పండి" అన్నాడు.

"రహస్యమేముంది సార్. ఇండ్లు కట్టేది మొగోళ్లు, వాటిని పొద్దస్తమానం చూస్తా కూచునేది ఆడోళ్లు. మీ డీలర్లంతా మొగోళ్లతో మాట్లాడ్తాండారు. నేను ఆడోళ్లతో మాట్లాడ్తాండా."

ఆయన దాన్ని హిందీలోకి మార్చి చెప్పగానే హాలంతా గొల్లుమంది. జేజికీ నవ్వొచ్చింది. కొంగు పట్టుకున్న చెయ్యి గడ్డం దాకా లేచింది. అక్కడ ఆగిపోయింది. చెయ్యి కిందికి దిగింది, నవ్వు మాత్రం ఆగలేదు. నాకు ఊహ తెలిశాక మా జేజి నవ్వును చూడడం అదే మొదటిసారి. నోరు ఒక పక్కకు వంకరపోతుంది. బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్టను ఇన్నేళ్లు దాచిపెట్టిన మనిషి మీద నాకు కోపం కూడా వచ్చింది.

ఫొటోలయ్యాక భోజనాలకు కూర్చున్నాము. ఉప్పు లేదు, కారం లేదు. జేజి చెయ్యి సంచిలోకి పోయింది.

"జేజీ, డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"ఒగటే మ్మే."

కటుక్. మరి కొంతసేపటికి ఇంకో రకం శబ్దం. జేజి అరచేతిలో రెండు తెల్ల ముక్కలు. మచ్చు అంటే గోడను రుద్ది కూడా చూడాలి కదా, పరీక్షకే కొరికానని ఈ రోజు దాకా వాదిస్తుంది. నేను తిండిపోతుతనం అంటాను. ఇద్దరిలో ఎవరిది నిజమో ఆ చింతగింజకే తెలియాలి.

సరిగ్గా అప్పుడే ఫొటో అతను వచ్చి దక్షిణాది డీలర్లంతా ఇంకోసారి నిలబడాలన్నాడు. జేజి నోరు ఇప్పుడు సగం సున్నం కొట్టి వదిలేసిన గోడ.

"నోరు మూసుకో జేజీ" అన్నాను చెవిలో.

పక్కన నిలబడ్డ జ్ఞానేశ్వర్ తిరిగి చూశాడు. "అత్తా! ఊడిపాయనా?" అన్నాడు. తన పళ్ళే ఊడినంత కంగారుగా చెయ్యి తన మూతి మీద పెట్టుకుని తడుముకున్నాడు. అది చూసి జేజికి నవ్వు పట్టింది. ఇంతకుముందు వేదిక మీద నవ్వింది ఏ మూలకూ రాదు. పొట్ట పట్టుకుని, నోరంతా తెరిచి, చారల పళ్ళూ తెల్ల పళ్ళూ అన్నీ బయటపెట్టి నవ్వింది. ఫొటో అతను టపటపా నొక్కేశాడు.

పొద్దున బాల్కనీలో ఎండకు నిలబడి అద్దంలో చూసుకుంది. మిగిలిన తెల్ల పళ్ళను నాలుకతో తడిమింది.

"బాగుండాయి మ్మే. అబద్ధమెందుకు చెప్పల్ల. జ్ఞానేశుకు ఇవి సరైనవి, వానికి ధైర్యమిచ్చినాయి. నాకు రాత్రి ఇవి ఊడినాకనే ఎక్కువ నవ్వొచ్చె. ఇంగ ఉన్నవాటిని గీకిచ్చుకునేది దేనికి?"

క్లినిక్కుకు పోయి మిగతావి తీయించుకుంది. డాక్టరమ్మ ఏమాత్రం నొచ్చుకోలేదు. గీకకముందే తెలుసుకోవడం మంచిదంది. వాటి కిందున్న సొంత పళ్ళు చూసి బొటనవేలు పైకెత్తింది. జేజి ఆమెకు చింతగింజల పొట్లం కానుక ఇచ్చింది. పళ్ళ డాక్టరుకు! ఆమె ఒకటి నోట్లో వేసుకుని, నమలడానికి చూసి, మెల్లగా కాగితంలోకి దించుకుంది.

కంపెనీవాళ్లు రెండు ఫొటోలూ పంపి క్యాలెండరుకు ఏది కావాలో అడిగారు. ఒకదాంట్లో అన్నీ తెల్లటి పళ్ళు, ఇంకోదాంట్లో సగం సగం. తాత రెండూ ఎదురుగా పెట్టుకుని చూసి, సగం సగం ఉన్నదాని మీద వేలు పెట్టాడు.

"ఇదీ. ఈమె నా పెండ్లాము."

 ఆ ఫొటోనే జిల్లాలోని రంగుల అంగళ్లన్నింట్లో ఏడాది పొడుగునా వేలాడింది.

ఆ ఏడే జ్ఞానేశ్వర్ కల్లూరులో రెండో అంగడి తెరిచాడు. రిబ్బను కత్తిరించడానికి మా జేజినే పిలిచాడు. మేళం వాయిస్తున్నారు, ముహూర్తం దాటిపోతోందని అయ్యవారు తొందరపెడుతున్నాడు. పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు అన్నీ ఉన్నాయి. కత్తెర లేదు. ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చారు. జ్ఞానేశ్వర్ రిబ్బను పట్టుకుని రెండు చేతులా లాగాడు. పట్టు రిబ్బను, తెగలేదు.

"నోటితో కొరకప్పా!" అని ఎవరో అరిచారు.

"నా పండ్లతోనా? ఏమన్నా పిచ్చా!" అన్నాడు జ్ఞానేశ్వర్.

"జరుగప్పా" అంది జేజి.

కొంగు నడుముకు దోపుకుంది. రిబ్బను అందుకుని పక్క పంటి కింద పెట్టి ఒక్క కొరుకు కొరికింది. టప్‌మని తెగింది. మేళగాళ్లు వాయించడం మరిచిపోయారు. తర్వాత జనం కొట్టిన చప్పట్లకు దారిన పోయే ఆటోలు కూడా ఆగాయి. జేజి ఎర్ర రిబ్బను ముక్క పళ్ళ మధ్య పట్టుకునే అందరి వైపూ తిరిగి, సొట్టబుగ్గతో, వంకర మూతితో నవ్వుతూ, కుడికాలు ముందు పెట్టి అంగట్లోకి నడిచింది.