వదిన దిద్దిన పేజీలు

మా వదిన పోయిన నెల కన్నుమూసింది. వారం రోజులుగా ఆయాసంతో దవాఖానలో ఉంది. ఆ పొద్దున ఆమె తమ్ముడు, అంటే నా భర్త, డ్యూటీకి వెళ్లకుండా ఆమె పక్కనే కూర్చున్నాడు. నేను ఇంటి నుంచి గంజి పట్టుకొని వెళ్లేసరికి ఆయన వరండాలో గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. "అక్క పోయింది" అన్నాడు.

గోదావరిఖనిలో మా వాడకట్టుకూ చర్చివాళ్లకూ కబురు చెప్పాం. మధ్యాహ్నానికల్లా ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు రావడం మొదలైంది. వాళ్లలో చాలామందిని మేం ఎన్నడూ కలవలేదు. వదిన కూడా కలవలేదు. ఎక్కువమంది ఆమెలాగే చూపు లేనివాళ్లు. "పేజీలు రాసే అక్క" అని ఆమెను తలుచుకొని ఏడ్చారు.

ఆ పేజీల సంగతి చెప్పాలి.

వదినకు చిన్నతనంలో వచ్చిన జ్వరంలో చూపు పోయింది. అంధుల బడిలో చదువుకొని, బొగ్గు కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. ఏ గని నుంచి ఎవరు ఫోను చేసినా గొంతు పట్టి పేరుతో పలకరించేది. నేను పెళ్లై ఈ ఇంటికి వచ్చిన రోజున నా అడుగుల చప్పుడు విని, "చెప్పులు వదులున్నయి పిల్లా, మెట్ల మీద పడ్తవు" అంది. నాతో ఆమె అన్న మొదటి మాట అదే. అందరి చేతిలోకీ సెల్‌ఫోన్లు వచ్చి ఎక్స్ఛేంజిలో పని తగ్గిపోయాక, కంప్యూటర్ నేర్చుకుంది. తెర మీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని వింటూ అన్ని పనులూ చేసుకునేది.

రిటైరయ్యాక ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారింది. దాన్ని ఎన్నో దేశాల వాళ్లు జీతం లేకుండా కలిసి తయారు చేస్తారట. ఎలా ఎక్కించుకోవాలో, ఎలా వాడాలో చెప్పే సహాయ పేజీలు తెలుగులోనూ ఉన్నాయి. ఒకరోజు కొత్త వెర్షన్ ఎక్కించుకుందామని, ఫోనులో ఆ పేజీ వింటూ, అందులో చెప్పిన రెండు కీలూ కలిపి నొక్కింది. కంప్యూటర్ మాట్లాడాలి. మాట్లాడలేదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. స్పీకరు చెడిపోయిందేమోనని నా భర్త దాన్ని బండి మీద పెట్టుకొని షాపుకు తీసుకెళ్లాడు. అక్కడివాళ్లు అంతా బాగానే ఉందని తిప్పి పంపారు. చివరికి నేను పక్కన కూర్చొని ఇంగ్లీషు పేజీ వెతికి చదివాను. కొత్త వెర్షన్‌లో ఆ కీలు మారిపోయాయి. తెలుగు పేజీని ఎవరూ దిద్దలేదు.

సరైన కీలు నొక్కగానే మాట వచ్చింది. వదిన సంబరపడుతుందనుకున్నాను. ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి నా వైపు తిరిగింది.

"నాకు నువ్వున్నవు పిల్లా. ఎవ్వరు లేనోళ్లు ఎంతమంది ఉన్నరో, మిషన్ ఖరాబైందనుకొని పక్కకు పెట్టినోళ్లు" అంది.

ఆ పేజీల్లో తప్పుంటే ఎవరైనా దిద్ది పంపవచ్చు. ఆ రోజే దిద్దుబాటు రాసి పంపింది. అక్కడితో ఆగలేదు. తక్కిన పేజీలన్నీ వినడం మొదలుపెట్టింది. విన్న ప్రతిదీ చేసి చూసేది. "చెయ్యకుండ రాయొద్దు" అనేది. బడిలో తెలుగు చెప్తాను కాబట్టి మాటలు చూసిపెట్టే పని నాది. నేను "నిష్క్రమించండి" అంటే, "బయటికి రండి అంటే ఏమైతది?" అనేది. ఒక పేజీలో "పై చిత్రంలో చూపినట్లు" అని ఉంటే, "ఎవలకు చూపిండు?" అని నవ్వింది. "సులువుగా చేయవచ్చు" అన్న మాట ఎక్కడ వినబడినా తీయించేది. "సులువైతే వాళ్లు ఈ పేజీకెందుకొస్తరు పిల్లా? చెయ్యరాక వచ్చినోనికి సులువని చెప్తే సిగ్గుపడి పోతడు."

కొంతకాలానికి తెలుగు పేజీల బాధ్యత చూసే ఆయన హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. చూపు లేనివాళ్ల కోసం ఉన్న భాగమంతా పాతబడిపోయిందనీ, సరిచూసేవాళ్లు లేక తీసేద్దామనుకుంటున్నామనీ చెప్పాడు.

"తప్పు సమాచారం ఉంచడం కన్నా అసలు లేకపోవడమే మేలు కదమ్మా?" అన్నాడు మర్యాదగా.

"నిజమే సార్. తప్పు రాత ఉంచొద్దు" అంది వదిన. "కని మొత్తం తీసేస్తే, గిట్లాంటిది ఒకటి ఉన్నదనే మాకు తెల్వదు. జర టైమియ్యిండ్రి. నేను చూస్త."

ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఎండాకాలమంతా మా ముందుగదిలో అదే పని. కంప్యూటర్‌ను ఖాళీ చేసేది, మొదటి నుంచి ఎక్కించేది, పేజీలో చెప్పిన దానికీ జరిగిన దానికీ తేడా వస్తే ఆపి రాయించేది. కరెంటు పోతే విసనకర్రతో విసురుకుంటూ, వచ్చాక మళ్లీ మొదటికి వెళ్లేది. నా భర్త డ్యూటీ నుంచి వచ్చి, "అక్కా, నిన్ననే గద ఎక్కిచ్చినవు?" అని ఆశ్చర్యపోయేవాడు. "నిన్న నాకు తెలిసినట్టు ఎక్కిచ్చిన. ఇయ్యాల తెల్వనట్టు ఎక్కిస్తున్న" అనేది.

ఆ భాగం నిలిచింది. ఆమె దిద్దిన పేజీలు విని సొంతంగా కంప్యూటర్ వాడుకుంటున్నవాళ్లు ఫోన్లు చేసేవారు. వదిన అందరితోనూ మాట్లాడేది.

ఒక సాయంత్రం కొత్తగూడెం నుంచి ఫోను వచ్చింది. చర్చిలో హార్మోనియం వాయించే అతను. చూపు లేదు. ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి పాత కీర్తనలు పాడించుకొని కంప్యూటర్‌లో దాచుకున్నాడట. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

"వందనాలక్కా. మీ పేజీల ఎట్లున్నదో అట్లనే చేసిన. పాటలన్ని పోయినయి" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అది మరీ కష్టంగా ఉంది.

వదిన ఏం చేశావో వరుసగా చెప్పమంది. తప్పు దొరికింది. డిస్కు గురించి చెప్పేచోట "తర్వాత ఎంటర్ నొక్కండి" అని రాసింది. ఆమె కంప్యూటర్ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది కాబట్టి ఆమెకు ఏమీ పోలేదు. లోపల ఏదైనా ఉన్నవాళ్లకు ఆ ఎంటర్‌తో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆ సంగతి పేజీలో లేదు.

ఇంకోచోట దాచుకోలేదా అని నేను అడగబోతుంటే, వదిన నా చేయి పట్టుకొని ఆపింది.

"తప్పు నాది తమ్మీ" అంది. "నా మిషన్ల చూసి అందరి మిషన్లు గట్లనే ఉంటయనుకున్న."

పోయిన పాటలు తిరిగి రాలేదు. తెలిసినవాళ్లను అడిగి చూశాం, లాభం లేకపోయింది. ఆ రాత్రి వదిన అన్నం ముట్టలేదు. తెల్లారాక నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది. ఎంటర్ నొక్కమనే మాటకు ముందే హెచ్చరిక రావాలంది. కింద పెద్ద అక్షరాల్లో పెడదామన్నాను. "చూసేటోళ్లు కిందికి చూస్తరు. వినేటోళ్లు వరుసగ వింటరు పిల్లా. నొక్కినంక చెప్తే ఏం ఫాయిదా?" అంది.

ప్రతి మార్పుకూ కారణం రాసి పంపాలి. ఆమె ఇలా రాయించింది: "ఇక్కడ నేను రాసిన తప్పువల్ల ఒకరి పాటలు పోయాయి. అందుకే ఈ హెచ్చరిక." హైదరాబాదు ఆయన ఫోను చేసి, సవరణ అని రాస్తే చాలు కదమ్మా, మిమ్మల్ని మీరు అంత మాట అనుకోవడం ఎందుకన్నాడు.

"సాలదు సార్" అంది వదిన. "రేపు ఎవలన్న పొడుగున్నదని దీన్ని తీసెయ్యబోతే, ఎందుకు పెట్టిన్రో వాళ్లకు తెల్వాలె."

కొత్తగూడెం అతనితో మాటలు ఆ తర్వాత కూడా ఆగలేదు. మొదట్లో వదినే చేసేది, అతను ఎత్తుతాడో లేదోనని భయపడుతూ. తర్వాత ఆమె ఏ పేజీ దిద్దినా ముందు అతను విని, తన కంప్యూటర్‌లో చేసి చూసేవాడు. ఒకే మిషన్ మీద నమ్మకం పెట్టుకోవడం ఆమె మానేసింది. మిగిలిన ముసలివాళ్ల దగ్గరికి అతను మళ్లీ వెళ్తున్నాడని తెలిసిన రోజున ఆమె మొహం తేటపడడం చూశాను. ఎంతమంది మిగిలారని మాత్రం ఎన్నడూ అడగలేదు.

వదినను మట్టి చేసిన కొన్నాళ్లకు కొత్త వెర్షన్ వచ్చింది. పేజీలన్నీ మళ్లీ సరిచూడాలి. కొత్తగూడెం అతను మా ఇంటికి వచ్చాడు. తన మిషన్‌లో చూశాననీ, అక్క మిషన్‌లో కూడా చూడకపోతే పని పూర్తయినట్టు కాదనీ అన్నాడు. నా భర్త కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. అతని ఫోనులో తెలుగు పేజీ వింటూ, అందులో చెప్పినట్టే ఒక్కొక్కటీ చేసుకుంటూ పోయాం. డిస్కు దగ్గరికి వచ్చేసరికి అతని ఫోను చదివింది:

"దీని తర్వాత ఎంటర్ నొక్కితే ఈ కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. మళ్లీ రాదు. మీకు కావలసినవి వేరేచోట దాచుకున్నారా? తెలియకపోతే ఇక్కడే ఆగండి."

అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. "అక్కవి ఏమన్న ఉన్నయా అన్నా, దీంట్ల?" అని నా భర్తను అడిగాడు. మాకు తెలియదు. చివరి నెలల్లో ఆమె అందులో ఏం పెట్టుకుందో మేం అడగలేదు.

"ఆగుమన్నది గద" అన్నాడు నా భర్త. "ఆగుదాం."

అందులో ఉన్నవన్నీ తెరిచి చూసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం. సగం దిద్దిన పేజీలు, ఎవరెవరివో ఫోను నంబర్లు, తమ్ముడి పుట్టినరోజున పాడి రికార్డు చేసి పెట్టుకున్న ఒక పాట. ఆయన ఆ పాట వినలేదు. తర్వాత వింటానన్నాడు.

మధ్యాహ్నమైంది. హార్మోనియం వాయించే ఆ వేలు ఎంటర్ మీద ఆనింది. అప్పుడే ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగి, కిటికీ రెక్కలు గడగడలాడాయి, బల్ల అదిరింది. అతను వేలు ఎత్తలేదు, నొక్కలేదు. చప్పుడంతా అణిగి, అద్దాలు నిలిచేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు.