ఇందులో ఏముండాది?

ఈత టీచర్ పోయారన్న సంగతి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో చూశాను. పిల్లల్ని తీసుకొచ్చే ఆయాలం, డ్రైవర్లం కూడా అందులో ఉంటాం. జర్మనీలో, లివర్ పూర్తిగా చెడిపోయి పోయారట. మెడనిండా పతకాలున్న వయసునాటి ఫోటో పెట్టి క్లబ్బువాళ్ళు "మా కుటుంబ సభ్యురాలు, మహా ఛాంపియన్" అని రాశారు. ఒళ్ళు మండింది. ఆమెను గేటు బయటికి పంపింది ఆ కుటుంబమే. బతికుండగా ముద్ద పెట్టనివాళ్ళు పోయాక పిండం పెట్టడం మన ఊళ్ళలోనే అనుకునేదాన్ని.

మాది రాయచోటి దగ్గర. కువైట్‌లో, సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పని. ఆ ఇంటి పాప నీళ్ళలో ఉన్నంతసేపూ నేను ఒడ్డున బెంచీ మీద కూర్చునేదాన్ని. టీచర్‌ది మగగొంతు, మగవాళ్ళ భుజాలు. క్లాసు అయ్యాక మా ఆయాల పక్కనే కూర్చుని వచ్చీరాని అరబ్బీలో కబుర్లు చెప్పేవారు. ఒకరోజు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను. ఇందులో ఏముందని అడిగారు. చెప్పాను. తర్వాతి క్లాసులోనూ అదే ప్రశ్న. నాకు రోషం వచ్చింది.

"నేనేమన్నా మందు పెడ్తానా మేడం?"

మందు పెట్టడమంటే ఏమిటో వివరించాల్సి వచ్చింది. మనిషిని చెప్పుచేతల్లో ఉంచుకోవడానికి తెలియకుండా తిండిలో కలుపుతారని మా వైపు నమ్మకమని చెప్పాను. నవ్వుతారనుకున్నాను.

"నాకు పెట్టారు" అన్నారు.

వాళ్ళ జర్మనీ రెండు ముక్కలుగా ఉన్నప్పుడు ఆమెది తూర్పు ముక్క. బడిలో చేతులూ పాదాలూ కొలిచి ఈత హాస్టల్లో వేశారట. రోజూ టీతోపాటు ఒక నీలం మాత్ర. విటమిన్ అని చెప్పి, మింగేదాకా కోచ్ ఎదురుగా నిలబడేవాడట. గొంతు మారింది. పతకాలొచ్చాయి. దేశమంతా చప్పట్లు కొట్టింది. అది మగవాళ్ళ హార్మోనని పెద్దయ్యాక గానీ తెలియలేదు. అప్పటికే లివర్ దెబ్బతింది, ఒక్క కడుపూ నిలవలేదు.

"ఈతకు మించిన లోతు లేదంటారు మా పక్క" అని ఏదో ఓదార్చబోయాను.

"ఉంది. నా అంతట నేను ఎంత వేగంగా ఈదగలనో నాకే తెలియదు. గెలిచింది నేనా, మాత్రా? ఎవరిని అడగను?"

ఆ తర్వాత నా దగ్గర నేర్చుకుని, నా యాసలోనే అడిగేవారు: "ఇందులో ఏముండాది?" పిల్లలకూ అదే పాఠం. నోరు మీది, అడగకుండా ఏదీ మింగొద్దు అనేవారు.

పోటీల ముందు మా ఇంటి బాబా, అంటే పాప తండ్రి, ఒక డబ్బా తెచ్చాడు. "విటమిన్. రోజూ పాలతో ఇవ్వు" అన్నాడు. టీచర్‌కు వాళ్ళ కోచ్ చెప్పిన మాటే. ఒక మాత్ర కాగితంలో చుట్టి టీచర్‌కిచ్చాను.

బాబా క్లబ్బుకు రాగానే ఆమె అందరిముందూ మాత్ర చూపించారు. "ఇందులో ఏముంది? తెలియకపోతే ముందు నువ్వు మింగు."

"నా బిడ్డ, నా ఇష్టం. నీకిది ఎవరిచ్చారు?"

 నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, బాబా చేతిలోనే ఉంది.

"పాప సంచిలో దొరికింది" అన్నారు టీచర్, నా వైపు చూడకుండా.

నా పని నిలిచింది, ఆమె పని పోయింది. మేనేజర్ ఖలాస్, ఇక రావద్దు అన్నాడు. పిల్లలకు ఈత నేర్పించుకున్న తల్లిదండ్రుల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడు గ్రూపులో దండాలూ కన్నీళ్ళూ పెడుతున్నది వాళ్ళే.

టీచర్ జర్మనీ వెళ్ళిపోయే ముందు ఫహాహీల్‌లో ఆమె గదికి వెళ్ళాను. గోడకు ఒక్క పతకం లేదు. టీ పోసిస్తే గుటుక్కున తాగేశారు.

"అడగలేదే మేడం?"

"నువ్వు పోశావు కదా."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇంట్లో పాప డబ్బా చూసి ఇందులో ఏముందని అడిగింది. బాబా మింగమన్నాడు. పాప మాత్రకు నోరు తెరవలేదు. కొన్నాళ్ళు అరిచి, ఆయనే డబ్బా పారేశాడు. ఆ కబురు టీచర్‌కు చేర్చుదామంటే ఆమె కువైట్ నంబరు అప్పటికే పనిచేయడం లేదు.

టీచర్ పోయిన సంగతి పాపకింకా చెప్పలేదు. పొద్దున పాలు తెచ్చిచ్చాను. పాప గ్లాసులోకి చూసి, అచ్చం రాయచోటి పిల్లలాగా అడిగింది.

"ఇందులో ఏముండాది?"

"పాలే తల్లీ" అన్నాను.

వాసన చూసి, తాగింది.