మాత్ర దేంతో మింగారు

గదిలో ఉన్నవాళ్ళం నలుగురం: పేషెంటు దేవదానం, ఆయన భార్య కరుణమ్మ, డ్యూటీ నర్సు, నేను. స్టాండుకు సగం ఎక్కిన రక్తం సంచి. మంచం మీద మాత్రల ఖాళీ అట్టలున్న కవరు. పక్కన, డాక్టరు వద్దన్నా వెళ్ళిపోతున్నానని రాసిచ్చే కాగితం. సంతకం ఇంకా పడలేదు. కరుణమ్మ తమ్ముడు ఆటో కోసం కిందికి వెళ్ళాడు.

గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అది. క్లినికల్ ఫార్మసిస్టుగా అక్కడ నాకు రెండో వేసవి. ఆ ఉద్యోగం తర్వాత మానేశాను. మందు రాసేది డాక్టరు. అది ఇంకో మందుతోనో, తిండితోనో ఎక్కడ పడదో చూసి చెప్పడం మా పని. మేం చెప్పేది సలహా మాత్రమే, ఆర్డరు కాదు.

దేవదానం ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. కడుపులో పుండు. దానికి కారణమైన హెచ్. పైలోరీ బాక్టీరియాను చంపడానికి నాలుగు మందుల కోర్సు రాశారు: ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్, బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్. కోర్సు అయ్యాక కొన్ని వారాలు ఆగి పరీక్ష చేస్తే బాక్టీరియా అలాగే ఉంది. ఆ రిపోర్టు డాక్టరుకు చూపించేలోపే రక్తం కక్కుకుని అడ్మిట్ అయ్యాడు. ఎండోస్కోపీలో రక్తం ఆపారు. మళ్ళీ మొదలైతే ఆపరేషన్ తప్పదు. ఇంటి దగ్గర మొదలైతే ఆ అవకాశం కూడా ఉండకపోవచ్చు.

పొద్దున రౌండ్‌లో కన్సల్టెంటు డాక్టరు, మాత్రలు వాడలేదనీ, పైగా తాగుతున్నాడనీ వార్డంతా వినేలా అన్నారు. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం తాగకూడదు కాబట్టి, తాగడం కోసమే మాత్రలు మానేశాడని ఆయన అనుమానం. దేవదానం చర్చిలో అందరి ముందూ ఒట్టుపెట్టి తాగుడు మానేసిన మనిషి. చేతికున్న సూది తీసేయమని నర్సుతో గొడవకు దిగాడు. ఆమె నన్ను పిలిచింది.

మాత్రలు వేసుకున్నారా అని నేను అడగలేదు. అది అప్పటికే చాలామంది అడిగారు. ఎప్పుడు వేసుకునేవారు, తిండికి ముందా తర్వాతా, దేంతో మింగేవారు అని అడిగాను. దేవదానం గోడవైపు తిరిగి పడుకున్నాడు. కరుణమ్మ చెప్పింది.

"నీళ్ళతో అయితే మంటంటాడండీ. అసలే వేడి మాత్రలు. మజ్జిగ చిలికి నేనే దగ్గరుండి మింగించాను. ఒక్క పూట తప్పలేదు బాబూ."

పాలతో వేసుకోవద్దని మందుల షాపులో చెప్పలేదా అన్నాను.

"చెప్పారు. అందుకే పాలు ముట్టనివ్వలేదు. మజ్జిగ పాలు కాదు కదండీ."

పాలలోని కాల్షియం టెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుంటుంది. మందు ఒంటికి సరిగా పట్టదు. మజ్జిగలోనూ అదే కాల్షియం ఉంటుంది.

కింద ఆటో హారన్ కొడుతోంది. దేవదానం కాగితం కోసం చెయ్యి చాపాడు. పది నిమిషాలు ఆగమని బతిమాలి కన్సల్టెంటుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎండోస్కోపీ గది తలుపు దగ్గరే నిలబడి, ఆయన బయటికి రాగానే విషయం చెప్పాను. బాక్టీరియా మందుకు లొంగకపోవడమూ కారణం కావచ్చు కదా అన్నారు. కావచ్చన్నాను. కానీ మాత్రలు వాడలేదన్న మాట మాత్రం తప్పని చెప్పాను.

ఆయన వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. క్షమించమనలేదు. "మాత్రలన్నీ వేసుకున్నావయ్యా, నేనే పొరపాటు పడ్డాను" అన్నారు.

దేవదానం ఇటు తిరిగాడు. "అయితే నాకు తాగుబోతని పేరు తెచ్చింది మజ్జిగాండీ?"

నర్సు నవ్వేసింది. కరుణమ్మ నవ్వలేదు. కాగితం మడిచి కవర్లో పెట్టి, ఆటోను పంపేయమని తమ్ముడికి ఫోన్ చేసింది.

అదే కోర్సు మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి నీళ్ళతో. తర్వాతి పరీక్షలో బాక్టీరియా కనిపించలేదు.

పాలు వద్దంటే జనం పాలే మానేస్తారు, మిగతావి మానరు. కాబట్టి దేని పేరు దానికి చెప్పాలి. ఆ తర్వాత టెట్రాసైక్లిన్ ఇచ్చిన ప్రతి పేషెంటుకూ ఇలా చెప్పేవాణ్ణి: పాలు, పెరుగు, మజ్జిగ, రాగి జావ, ఐరన్ మాత్రలు. మాత్రకు అటూ ఇటూ రెండేసి గంటలు ఇవేవీ వద్దు.