రాజీల చౌకీ

నాచారంలో మా బస్తీ మూల మీద ఒక పోలీసు చౌకీ ఉండేది. రేకుల కప్పు, ఒక బల్ల, ముందు చిన్న అరుగు. అక్కడుండే హెడ్ కానిస్టేబుల్‌ను అందరం జమేదార్ అనేవాళ్లం. ఆయన ఫిర్యాదు రాసుకోగా నేను చూడలేదు. కొట్టుకున్నవాళ్లు వస్తే ఇద్దరికీ చాయ్ తాగించి, చేతులు కలిపించి, "రాజీ అయిపోయింది, పోండ్రి" అనేవాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం రాస్తారోకోలు సాగుతున్న రోజులవి. బందోబస్తుకు మనుషులు చాలడం లేదని, కేసులే లేని చౌకీ దేనికని, దాన్ని ఎత్తేయబోతున్నట్టు తెలిసింది.

అందరికంటే ఎక్కువ భయపడింది మా పక్క వాటాలో అద్దెకుండే ఆమె. మందుల ప్యాకింగులో పని. మొగుడు తాగి కొట్టినప్పుడల్లా చౌకీకి పరుగెత్తేది. చేసేది రాజీయే అయినా ఆ అరుగు మీద కూర్చున్నంతసేపు దెబ్బలు పడేవి కావు.

"గా చౌకీ గూడ పోతే నేను యాడికి ఉరకాలె అన్నా?" అంది నాతో.

బస్తీ సంఘం అధ్యక్షుడు మీటింగు పెట్టాడు. "కేసుల్లేవనే గదా ఎత్తేస్తున్నరు. తలా ఒకటి పెట్టుకుందాం."

"నా మీద నువ్వు పెట్టు బావా. నీ కోడి నా ఇంట్ల గుడ్డు పెట్టిందని నీ మీద నేను పెడ్త," అన్నారెవరో. అందరూ నవ్వారు.

నేను లేచాను. పెద్ద చదువు లేకపోయినా, శాఖా గ్రంథాలయంలో చట్టాల పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకోవాలని, చదివి వినిపించాలని అందులో ఉంది. ఆమెది నిజమైన ఫిర్యాదు, అదే రాయిద్దామన్నాను.

"ఆలుమగల లొల్లి గూడ కేసేనా? బస్తీ పేరు ఖరాబైతది. నువ్వు జర బుక్కులు తక్కువ సదువన్నా," అన్నాడు అధ్యక్షుడు.

పూలకుండీ పగిలిందని, చెప్పులు పోయాయని, కుక్క మొరిగిందని కేసులు పడ్డాయి. పెట్టినవాళ్లూ, ఎవరి మీద పెట్టారో వాళ్లూ ఒకే స్కూటర్ మీద వచ్చి వెళ్లేవాళ్లు. ఆ ఇకిలింపులు చూస్తే నాకు రోత పుట్టేది.

చౌకీ నిలబడింది. జమేదార్‌కు శాలువా కప్పారు. ఆ సాయంత్రమే ఆమె చిట్లిన పెదవితో వచ్చింది. చౌకీకి నేను తోడు వెళ్లాను. ఆయన ఇంకా శాలువా తీయలేదు.

"రాసుకోండ్రి సార్," అంది.

"గిప్పుడెందుకమ్మా, కేసులు మస్తున్నయ్. మీ ఆయన్ని పిలిపిస్త, రాజీ జేసుకో."

నేను చట్టం చెప్పబోయాను. "లైబ్రరీ సారు, కూసోండ్రి. చాయ్ దాగుతరా?" అన్నాడు.

చాయ్ వచ్చింది. మొగుణ్ణి తేవడానికి మనిషి బయలుదేరాడు. ఆమె లేచి, "ఆటో పిలువన్నా, పెద్ద ఠాణాకు పోదాం," అంది.

పెద్ద ఠాణాలో ఫిర్యాదులు రాసే కానిస్టేబుల్ మా బస్తీ పేరు వినగానే కలం పక్కన పెట్టాడు. "మీకాడ చౌకీ ఉన్నది గదా. గాడికే పోండ్రి."

ఆమె కొంగుతో పెదవి ఒత్తుకుని, అతని ముఖంలోకే చూస్తూ చెప్పింది.

"ఆ చౌకీ ఎత్తేసిన్రు సార్."

అతను కాసేపు ఆమె పెదవి వంక చూసి కాగితం ముందుకు లాక్కున్నాడు.