కారు గట్టెక్కిన ఉదయం

మా అన్నయ్య మస్కట్‌లో ఇరవై రెండేళ్ళు గ్యారేజీలో పనిచేసి, వినికిడి చాలావరకు పోగొట్టుకుని ముక్తేశ్వరం తిరిగొచ్చాడు. వచ్చిన ఏడాదే, మా నాన్నగారి కంటే వయసులో పెద్దదైన ఓ కారు తెచ్చి కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద పెట్టాడు. నేను బడిలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. సాయంత్రాలు అక్కడే స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఆకుల సందుల్లోంచి పడే ఎండ ఆ కారు మీద నీళ్ళలా కదులుతుంటే, చూస్తూ చూస్తూ కునుకు పట్టేది.

ఆరు నెలలకి కారు నడిచింది. చదును రోడ్డు మీద మెత్తగా పోయేది. ఏటిగట్టు ఎక్కే వాలు మీద మాత్రం సగంలోనే, ఊపిరాడని మనిషిలా ఆగిపోయేది. మూడు ఆదివారాలు చర్చికి వెళ్తూ అక్కడే ఆగిపోయాం. కొబ్బరికాయలు దింపే అతనొకడు సైకిలు దిగి, "ఆయ్, మీరు కూర్చోండి, నేను తోస్తానండి" అని తోసిపెట్టాడు.

అన్నయ్య ప్లగ్గులు మార్చాడు, కార్బురేటరు విప్పాడు. లాభం లేకపోయింది. చివరికి ఇంజను ఆడుతుండగా పొగగొట్టం వెనక చెయ్యి పెట్టి చూడమన్నాడు. పొగ నా వేళ్ళకి నీరసంగా తగిలింది. సైలెన్సరు విప్పితే లోపలి రేకులకి మసి గట్టిగా పట్టేసి ఉంది.

"చప్పుడు తగ్గించడానికి పొగని మలుపులు తిప్పి పంపుతారే. మలుపుల్లో అది వెనక్కి తన్నుతుంది. కాలిన పొగ పూర్తిగా పోకపోతే కొత్త గాలికీ పెట్రోలుకీ లోపల చోటేదీ?" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు పీడనం గురించి పాఠం చెప్పినదాన్ని. అది నా వేళ్ళకి తెలిసింది ఆ రోజే.

మసి గీకినా సైలెన్సరు కొంత బలం తినేస్తూనే ఉంటుందట. అందుకే ఆ రోజుల్లో దానికి ముందే గొట్టానికి ఒక మూత పెట్టేవారు. కాలితో పెడలు తొక్కితే మూత తెరుచుకుని పొగ నేరుగా బయటికి పోతుంది. మా కారులోనూ ఉంది గానీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అన్నయ్య నాలుగు రోజులు నూనె పోసి దాన్ని వదులు చేశాడు. పెడలు, పక్క సీట్లో కూర్చునే నా వైపుకి మార్చాడు.

ఆ ఆదివారం తెల్లవారేసరికి గోదావరి మీంచి మంచు తోటల్లోకి వచ్చేసింది. చెట్లకి మొదళ్ళు లేనట్టు, తలలు మాత్రం తేలుతున్నాయి. వాలు మొదలవగానే తొక్కమన్నాడు అన్నయ్య. తొక్కాను.

ఉరిమినట్టయింది. పొలంలో కొంగలన్నీ ఒక్కసారే లేచాయి. కారు ముందుకి గుంజుకుని, ఎక్కడా తడబడకుండా పైకి ఎక్కింది. నేను భయపడి అన్నయ్య వైపు చూశాను. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"వినపడుతోందే," అన్నాడు మెల్లగా.

గట్టు మీదికి వచ్చేశాం. ఇక పెడలు వదిలేయవచ్చు. కాని చాలాదూరం నేను కాలు తియ్యలేదు.

ఇప్పుడు ఆ వాలు మీద తప్ప మూత తెరవం. గేదెలు బెదురుతున్నాయని రైతులు మర్యాదగానే చెప్పారు. కొన్ని ఆదివారాలు అన్నయ్య గట్టెక్కాక ఊరికే కిందికి దిగి మళ్ళీ ఎక్కుతాడు. ఎందుకని నేను అడగను.