డిండోలిలో యముడి కుస్తీ

ఆ రోజుల్లో మనిషి అభిరుచిని బట్టే ఉద్యోగం పర్మనెంటు అవుతుందని గట్టిగా నమ్మేవాణ్ని. సూరత్‌లో బ్యాంకులో చేరాను, ఇంకా ప్రొబేషన్ దాటలేదు. మా మేనేజరుగారు తెలుగువారే. కర్ణాటక సంగీతం తప్ప లోకంలో మిగతాదంతా గోల అని తేల్చేసిన మనిషి. ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, ఆయన తొడ మీద తాళం వేస్తుంటే నేనూ వేసేవాణ్ని (తొడ నాదే లెండి). సాయంత్రం డిండోలిలో నా గదికి చేరి, కింది వాటాలో ఉండే సాంచాల అన్నతో కలిసి టీవీలో కుస్తీ చూసేవాణ్ని. సిరిసిల్ల నుంచి వచ్చి మరమగ్గాలు నడిపే ఆ అన్నకూ నాకూ ఆరాధ్యుడు ఒక్కడే: ముసుగు వేసుకుని, ఎదుటివాణ్ని కుర్చీతో బాదే ఒక వస్తాదు. ఈ సంగతి మేనేజరుగారి చెవిన పడితే నా ఉద్యోగం గంగలో కలిసినట్టే.

ఇంతలో మార్కండేయ జయంతి వచ్చింది. అన్నలాంటి పద్మశాలీలకు అది ఇంటి పండగ. యముడు పిల్లవాడి మీద పాశం విసరడం, శివుడొచ్చి యముణ్ని తన్నడం నాటకంగా వేద్దామనుకున్నారు. తన్నే ఘట్టం మాత్రం టీవీలోలాగా పూర్తి కుస్తీగా ఉండాలని అన్న పట్టుబట్టాడు. "సారూ, నువ్వు జర ఎత్తున్నవ్. యముడివి నువ్వే, శివుడు నేను. లేపి ఏస్త, బుగులు పడకు" అన్నాడు. కిరీటం, మీసం పెట్టాక నన్నెవరు గుర్తుపడతారులే అని ఒప్పుకున్నాను.

వేదిక ఎక్కి చూస్తే, ముందు వరసలో ముఖ్య అతిథిగా శాలువాతో మా మేనేజరుగారు. పాశం చేతిలోంచి జారిపోయింది. చావుభయం అంటే ఏమిటో యముడికి ఆ రోజే తెలిసింది. శివుడు దగ్గరకొచ్చి, "ఏంది సారూ, గిట్ల నిలబడ్డవ్, జర గుంజు" అని గొణిగాడు. కిందపడ్డ పాశం అందుకుని పిల్లవాడి మీద వేసి గుంజాను. అన్న నన్ను అమాంతం ఎత్తి బల్లల మీద పడేశాడు. మీసం ఊడి ఒకవైపుకి పోయింది, నేనింకోవైపు. జనం ఒకటే ఈలలు. శివుడు అటు తిరిగి మార్కండేయుణ్ని దీవిస్తుండగా, అనుకున్న ప్రకారం నేను లేచి, సింహాసనంగా వేసిన ఇనప కుర్చీ ఎత్తాను. అప్పుడు ముందు వరసలోంచి, రాగాలాపనకే పరిమితమని నేననుకున్న గొంతు వినిపించింది.

"వెనక చూడు శివా, కుర్చీ తీశాడు."

మేనేజరుగారు లేచి నిలబడ్డారు. శాలువా కిందపడిపోయింది. శివుడు చటుక్కున తిరిగి నన్ను మళ్లీ ఎత్తాడు.

మర్నాడు నన్ను కేబిన్‌కి పిలిచి, తలుపు వేయమన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఫైల్లోంచి తలెత్తకుండా, "పడేటప్పుడు అరచేతులతో బల్లని కొట్టాలయ్యా. చప్పుడు బాగా వస్తుంది, నడుమూ మిగులుతుంది" అన్నారు. పేజీ తిప్పుతూ, "మా ఇంట్లో తెలియదు" అన్నారు.

ఉద్యోగం పర్మనెంటయింది. ఆదివారాలు ఇద్దరం తాళం వేస్తూనే ఉన్నాం, ఆ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు వంగి చెప్పులు తొడుక్కోవడానికే ఆపసోపాలు పడుతూ, ఆ యముణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. ఆ తరవాత చాలాచోట్ల ఓడిపోయాను గానీ, అంత ఇష్టంగా మళ్లీ ఎక్కడా ఓడిపోలేదు.